గ్యాస్ బిల్లులు డ్రాయర్‌లో దాచారు, ‘చలికాలంలో కనెక్షన్ తీయరులే’ అంటున్నారు

ఉత్తరం రాసినావిడ పేరు, ఊరు చెప్పొద్దన్నారు. అమెరికాలో మినెసోటా రాష్ట్రం, మినియాపోలిస్‌కి పక్కనే ఉన్న ఒక ఊరు అన్నంతవరకు సరిపోతుంది. పెళ్ళయి ఏడేళ్ళు. భర్తది హెచ్1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆవిడది హెచ్4, పనిచేసే పర్మిషన్ లేదు. నాలుగేళ్ళ బాబు అక్కడే పుట్టాడు. అద్దెకు తీసుకున్న టౌన్‌హోమ్. నరసరావుపేట నుంచి అత్తగారు అక్టోబరులో వచ్చారు, ఏప్రిల్ దాకా ఉంటారు.

ఆగస్టులో భర్త కాంట్రాక్టు ఆగిపోయింది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఆ వీసా ఇచ్చే అరవై రోజుల గడువు దాటకుండానే ఇంకో కంపెనీ దొరికింది కానీ జీతం మూడో వంతు తగ్గింది, మధ్యలో రెండు నెలలు చేతికి ఒక్క డాలరు రాలేదు. అంతకు ముందే ఆడపడుచు పెళ్ళికి క్రెడిట్ కార్డుల మీద డబ్బు తీసి పంపారు. ఆఫీసు పని ఇంట్లోంచే కనుక కరెంటు, ఇంటర్నెట్ బిల్లులు ఆయన తప్పకుండా కడుతున్నారు. గ్యాస్ బిల్లులు మాత్రం కట్టలేదు. గత చలికాలం బాకీతో కలిపి 1,180 డాలర్లయింది. ఈవిడకి ఆ సంగతే తెలియదు. మొన్న బాబు రంగు పెన్సిళ్ళ కోసం డ్రాయర్ వెతికితే విప్పని కవర్లు ఐదు దొరికాయి. చివరిదాంట్లో కనెక్షన్ తీసేస్తామన్న నోటీసు, దానిమీద తేదీ.

నిలదీస్తే ఆయన అన్న మాట: “చలికాలంలో గ్యాస్ తీయకూడదని ఇక్కడ చట్టం ఉంది. మిల్వాకీలో మా ఫ్రెండ్ చెప్పాడు. మనమే ఫోన్ చేస్తే లేని గొడవ మొదలవుతుంది, రేపు గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుంది.” ఈలోగా పొదుపని హీటింగ్ 58 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (మన లెక్కలో 14) తగ్గించి, ‘ఈ దేశంలో ఇంతేనమ్మా’ అని తల్లికి చెప్పారు. ఆవిడ వంటింట్లో పొయ్యి వెలిగించుకుని దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. మన ఊళ్ళో అయితే కుంపటి పెట్టుకునేవాళ్ళం అంటున్నారట. “నేను ఫోన్ చేస్తే మా ఆయన పరువు తీసినదాన్నవుతాను. చేయకపోతే బాబుకి ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదు. ఆయన చెప్పింది నిజమేనా?” అని అడిగారు.

నోటీసు తేదీ దగ్గర్లో ఉంది కనుక ఈవిడకి విడిగా ముందే క్లుప్తంగా జవాబు పంపాను. ఇది దాని పూర్తి రూపం.

అమ్మా, ముందు ఆ మిల్వాకీ ఫ్రెండ్ సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు, కాకపోతే తన రాష్ట్రం సంగతి చెప్పారు. మిల్వాకీ విస్కాన్సిన్‌లో ఉంది. అక్కడ నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా ఇంటికి వేడినిచ్చే కనెక్షన్ తీయరు. అది తేదీని బట్టి దానంతటదే నడిచే రక్షణ. మీది సరిహద్దుకి ఇవతల. మినెసోటాలో ఉన్నదాన్ని కోల్డ్ వెదర్ రూల్ అంటారు, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అమల్లో ఉంటుంది. (2021కి ముందు అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకానే ఉండేది. ఎవరైనా ఆ పాత తేదీలు చెబితే పట్టించుకోకండి.) తేదీలు చూస్తే మీదే మెరుగనిపిస్తుంది. కానీ మీ రూల్ దానంతటది పనిచేయదు. మీరు కంపెనీకి ఫోన్ చేసి, మీ ఆదాయం, పరిస్థితి చెప్పి, నెలకింత కడతామని ఒప్పందం చేసుకుని, ఆ ప్రకారం కడుతూ ఉంటేనే కనెక్షన్ తీయకూడదు. ఫోన్ చేయకుండా ఊరుకున్నవాళ్ళకి జనవరిలోనైనా సరే తీసేయొచ్చు.

మన దగ్గర లైన్‌మన్ ఫ్యూజు పీకడానికి వస్తే గుమ్మంలో నిలబడి ‘రేపు పొద్దున్నే కట్టేస్తాం బాబూ’ అని బతిమాలుకుంటాం. ఒక్కోసారి ఆయన వింటాడు కూడా. మీ రాష్ట్రంలో ఆ బతిమాలుకోవడాన్నే చట్టంలో పెట్టారనుకోండి. తేడా ఏమిటంటే మనిషి మీ గుమ్మంలోకి రాకముందే మీరు మాట్లాడాలి, మాట్లాడితే కంపెనీ విని తీరాలి. మీవారు ‘ఫోన్ చేస్తే గొడవ మొదలవుతుంది’ అంటున్నారు. ఆ రక్షణ మొదలయ్యేదే ఆ ఫోన్‌తో.

డబ్బు లెక్కల్లోకి వెళ్ళేముందు ఆ పొయ్యి సంగతి. ఈ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది నోటీసు కాదు, అత్తగారు పొయ్యి పక్కన వేసుకున్న కుర్చీ. నరసరావుపేట ఇంట్లో కిటికీలు, తలుపు సందులు, పెంకుల మధ్య ఖాళీలు ఉంటాయి, కుంపటి పెట్టినా గాలి ఆడుతుంది. అక్కడి ఇళ్ళు చలి చొరబడకుండా అన్నివైపులా బిగించి కడతారు. అలాంటి ఇంట్లో గ్యాస్ పొయ్యో, ఓవెన్ తలుపో తెరిచి గంటలకొద్దీ వెచ్చదనం కోసం మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తిప్పినట్టుండడం, నిద్ర ముంచుకురావడం, అంతే. పెద్దవాళ్ళు దాన్ని నీరసం అనుకుని పడుకుంటారు. బొగ్గుల కుంపటైతే ఇంకా ఘోరం, గరాజ్‌లో పెట్టినా ఘోరమే. ఈ రాత్రే హీటింగ్ 68కి (మన లెక్కలో 20) పెంచండి. దానివల్ల బిల్లు కొంత పెరిగినా ఈ ప్రమాదం ముందు అదొక లెక్క కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం గోడమీద ఉందా, మీట నొక్కితే మోగుతోందా చూడండి. అత్తగారికి ‘ఈ దేశంలో ఇంతే’ అని కాకుండా, పొయ్యి పక్కన ఎందుకు కూర్చోకూడదో చెప్పండి. ఆవిడ వినే మనిషే అయ్యుంటారు. మీరెవరూ చెప్పలేదంతే.

ఇక ఫోన్. ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో (కుటుంబాలన్నిటినీ ఆదాయం వరసలో పేరిస్తే సరిగ్గా నడిమిదానిది) సగం, లేదా అంతకన్నా తక్కువ ఉన్న కుటుంబాన్ని, పాత బాకీ, కొత్త బిల్లు కలిపి నెలకి ఇంటి ఆదాయంలో 10 శాతానికి మించి కట్టమని కంపెనీ అడగకూడదు. అంటే నెలకి 4,000 వచ్చే ఇల్లయితే 400కి మించి అడగకూడదు. ఆ గీత ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది, ఏటా మారుతుంది కూడా, కనుక మీరు గీతకి ఇటా అటా అన్నది వాళ్ళనే అడగండి. గీతకి పైనున్నా చెయ్యి దులుపుకోరు. మీ పరిస్థితులని లెక్కలోకి తీసుకున్న ఒప్పందం పొందే హక్కు అప్పుడూ ఉంది, 10 శాతం పరిమితి మాత్రం ఉండదు. రెండు నెలలు జీతం లేకపోవడం, కొత్త జీతం తగ్గడం చెప్పుకోదగ్గ కారణాలే. పాత ఉద్యోగం ఆగినట్టు వచ్చిన మెయిల్, కొత్త పేస్లిప్ దగ్గర పెట్టుకోండి.

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా బోల్తా కొట్టే చోటు ఒకటుంది. ఫోన్లో అవతలి మనిషి మర్యాదగా ‘ఎంత కట్టగలరు?’ అనగానే మొహమాటానికి పెద్ద అంకె చెప్పేస్తారు. మీవారు బహుశా 300 అంటారు, నాలుగు నెలల్లో తీర్చేస్తానని. మీరు రాసిన అంకెలే కూడి చూశాను. చేతికొచ్చేది 4,600. అద్దె 2,100, కార్డుల కనీస వాయిదాలు 700, కారు 380, దాని ఇన్సూరెన్స్ 130, సరుకులు 600, ఫోను, ఇంటర్నెట్ 180. పోగా మిగిలేది 510. చలికాలంలో గ్యాస్, కరెంటు కలిపి నెలకి 250 దాకా వస్తోందన్నారు. దానిమీద పాత బాకీకి 300 కలిపితే 550, మొదటి నెలలోనే గోడకి కొట్టుకుంటారు. ఒప్పుకున్న ప్రకారం కట్టకపోతే రూల్ ఇచ్చే రక్షణ పోతుంది. అదే పాత బాకీకి 100 అన్నారనుకోండి, మొత్తం 350, చేతిలో ఇంకా 160 ఉంటుంది, బాబుకి జ్వరమొస్తే మందులకి దిక్కు. ఆ లెక్కన ఏప్రిల్ చివరికి ఐదు వాయిదాలు, 500 తీరి 680 మిగులుతుంది. అది మిగలడం గురించి తర్వాత చెబుతాను. చిన్న అంకె చెప్పడంలో సిగ్గేమీ లేదు, తప్పకుండా కట్టగలిగే అంకె చెప్పడమే మీకు కావలసింది. మధ్యలో పరిస్థితి మారితే వాయిదా తప్పకముందే మళ్ళీ ఫోన్ చేసి మార్చమని అడగండి.

వాళ్ళు ఒప్పుకోకపోతే? అంకె కుదరకపోతే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్‌కి అప్పీలు చేసుకునే హక్కుంది. ఎలా చేయాలో, ఎన్ని రోజుల్లో చేయాలో కంపెనీయే రాతలో ఇవ్వాలి. అప్పీలు నడుస్తున్నంతసేపు కనెక్షన్ ఉంచాలి. ఇంకొకటి, ఈ నెలల్లో ఒకవేళ తీయాల్సివచ్చినా శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో, సెలవుకి ముందు రోజు తీయకూడదు. శుక్రవారం కూడా మామూలుగా తీయకూడదు, అదేరోజు ఒప్పందం చేసుకోమంటే మీరే వద్దంటే తప్ప. దీన్ని నమ్ముకుని శుక్రవారం దాకా ఆగమని కాదు. నోటీసు తేదీ గురువారం అన్నారు కనుక చెబుతున్నాను.

అత్తగారికి ఉబ్బసం, నెబ్యులైజర్ వాడతారని ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది వదిలేసే ముక్క కాదు. ఇంట్లో ఒకరి ప్రాణం కరెంటుతో నడిచే పరికరం మీద ఆధారపడి ఉందనో, కనెక్షన్ పోతే ఆరోగ్యం ప్రమాదంలో పడుతుందనో డాక్టరు రాసిస్తే దానికి విడిగా రక్షణ ఉంది, అది ఏడాది పొడుగునా ఉంటుంది. దానికీ వాయిదాల ఒప్పందం తప్పదు. ఆవిడ పరిస్థితి దానికిందికి వస్తుందా అన్నది డాక్టరే చెప్పాలి.

మీవారి అసలు భయం గ్రీన్‌కార్డు అనిపిస్తోంది. రెండు వేర్వేరు విషయాలని ఆయన ఒకటిగా కలిపేసుకున్నారు. గ్యాస్ కంపెనీతో వాయిదాల ఒప్పందం ప్రభుత్వ సహాయం కాదు. మీ బాకీని మీరే, మీ డబ్బుతోనే, మెల్లగా కడుతున్నారు. కోల్డ్ వెదర్ రూల్ వీసా ఏమిటని అడగదు. హెచ్1బి ఫారాల్లో గ్యాస్ బిల్లు కట్టారా అన్న గడి లేదు. మచ్చ పడేది ఊరుకున్నప్పుడు. కట్టని బాకీ కలెక్షన్ ఏజెన్సీ చేతికి వెళ్తే క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది.

రెండోది నిజంగా సహాయమే. ఎనర్జీ అసిస్టెన్స్ అని, ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో రాష్ట్రం నడిపే పథకం, చాలామంది లైహీప్ అంటారు. ఆదాయం రాష్ట్ర మధ్యస్థంలో 60 శాతం లోపున్న కుటుంబాలకి, అద్దె ఇళ్ళవాళ్ళకి కూడా, బిల్లులో కొంత తీరుస్తుంది. హెచ్1బి, హెచ్4 మీద ఉన్న పెద్దవాళ్ళు తమ పేరున దీనికి అర్హులు కారు. కానీ అక్కడ పుట్టిన మీ బాబు ఆ దేశ పౌరుడు. అలాంటి పిల్లలున్న ఇళ్ళ దరఖాస్తులు తీసుకునే పద్ధతి చాలా చోట్ల ఉంది. మీ కౌంటీలో దరఖాస్తులు చూసే స్థానిక సంస్థ ఏదో 211 అనే సహాయ నంబరుకి ఫోన్ చేస్తే చెబుతారు. ఇది గ్రీన్‌కార్డుకి అడ్డమా అంటే, ప్రభుత్వ సహాయం మీద ఆధారపడేవాళ్ళకి గ్రీన్‌కార్డు నిరాకరించే ‘పబ్లిక్ చార్జ్’ విషయంలో 1999 మార్గదర్శకాల నుంచి 2019, 2022 నియమాల దాకా దేంట్లోనూ ఇంటి వేడి సహాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అయితే ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ నియమాల మీద చెయ్యి పడుతోంది కనుక, సంతకం పెట్టేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ రాయండి. మీవారికి మనసొప్పకపోతే ఈ సహాయం మానేయండి, తప్పేం లేదు. దీన్ని మానేశామని వాయిదాల ఫోన్ కూడా మానేయకండి.

మీరు రాసిన మిగతా దారులు కూడా చూద్దాం. అన్నయ్యని అడిగి మొత్తం ఒక్కసారే కట్టేయడం: రేపు పొద్దున్నకల్లా సమస్య తీరుతుంది, నిజమే. కానీ మీవారికి తెలియకుండా మీ పుట్టింటి డబ్బుతో తీర్చాలని అనుకుంటున్నట్టు రాశారు. అప్పుడు డ్రాయర్‌లో దాచేవాళ్ళు ఇద్దరవుతారు. ఆయనకి చెప్పి తీసుకుంటే వేరు, అందులోనూ మొత్తం కాక, ఒప్పందానికి మొదటి వాయిదా అంత మాత్రమే తీసుకోవడం నాకు నచ్చుతుంది. కార్డు మీద కట్టడం నేను చెప్పను. గ్యాస్ కంపెనీ బాకీ కన్నా కార్డు వడ్డీ మామూలుగా బరువే. కరెంటు ఆపి ఆ డబ్బు గ్యాస్‌కి పెట్టడం అసలు కుదరదు, ఇంటిని వేడిచేసే మీ ఫర్నేస్‌లో మండేది గ్యాస్ అయినా ఆ వేడిని గదుల్లోకి తోసే ఫ్యాన్ తిరిగేది కరెంటుతోనే. అత్తగారిని డాలస్‌లో పెద్దాడపడుచు ఇంటికి నెలా రెండు నెలలు పంపడం: ఆవిడ ఆరోగ్యం దృష్ట్యా మంచిదే, కారణం దాచి పంపితే మాత్రం కోడలు వద్దనుకుందన్న మాట మీ మీదికే వస్తుంది.

ఊరుకోవడం కూడా ఒక దారే కనుక దాని సంగతీ చెప్పాలి. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో సున్నాకి దిగువ 28 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, మన లెక్కలో మైనస్ 33. అంత చలిలో ఫర్నేస్ ఆగితే గంటల్లోనే గోడల్లోని నీళ్ళ పైపులు గడ్డకట్టి పగిలే ప్రమాదముంది. అద్దె ఇల్లు, గ్యాస్ మీరే కట్టుకోవాలని లీజులో ఉంటుంది, పైపుల నష్టం మీ నెత్తికే చుట్టుకోవచ్చు. ఒకవేళ కనెక్షన్ తీసేసినా దారి మూసుకుపోదు, ఒప్పందం చేసుకుంటే తిరిగి ఇవ్వాలని కూడా అదే రూల్ చెబుతుంది. కానీ గ్యాస్ మనిషి వచ్చి ఫర్నేస్ వెలిగించేదాకా బాబునీ అత్తగారినీ ఎవరింట్లోనో ఉంచాలి. పరువు కోసం ఇన్నాళ్ళూ దాచినది ఆ రోజు నలుగురికీ తెలిసిపోతుంది.

ఇక మీవారు. మీ ఉత్తరంలో ఆయన మీద కోపం కన్నా అవమానం ఎక్కువుంది, ‘నాకు చెప్పలేదు’ అన్న మాట నాలుగుసార్లు రాశారు. అది న్యాయమైన బాధ. అయినా ఆ ఐదు కవర్లూ ఆయన చింపి పారేయలేదు, దాచారు. తల్లి ఇంట్లో ఉండగా, చెల్లి పెళ్ళి చేసి ఆర్నెల్లు తిరక్కుండా, గ్యాస్ కట్టలేకపోయాననడం ఆ మనిషికి ఎంత కష్టమో మీకు నాకన్నా బాగా తెలుసు. ‘ఎందుకు దాచావు’ అన్న పంచాయితీ జనవరికి వాయిదా వేయండి, తప్పకుండా పెట్టండి, ఇప్పుడు మాత్రం వద్దు. ఈ రాత్రి బాబు పడుకున్నాక ఆ కవర్లు బల్లమీద పెట్టి, పైన నేను వేసిన లెక్క కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ‘మీరు మాట్లాడండి, నేను పక్కన కూర్చుంటాను’ అనండి. అకౌంటు ఆయన పేరున ఉంది కనుక మీరొక్కరే ఫోన్ చేస్తే వివరాలు చెప్పరు. ఆయన ససేమిరా అంటే, అకౌంటు అక్కర్లేని 211కి మీరే చేయండి, అత్తగారి విషయమై డాక్టరుతో మాట్లాడండి. అది పరువు తీయడం కాదు, ఇల్లు చూసుకోవడం.

ఏప్రిల్ 30 తర్వాత ఏమవుతుందో కూడా ఆయనకి ఇప్పుడే చెప్పండి. రూల్ బాకీని మాఫీ చేయదు. మే నెలలో ఆ 680 మీద మళ్ళీ నోటీసు రావచ్చు. మార్చిలో ట్యాక్స్ రీఫండ్ వస్తే కార్డులకన్నా ముందు అందులోంచి గ్యాస్‌కి కొంత తీయండి. లేదా ఏప్రిల్ మధ్యలోనే ఫోన్ చేసి మిగిలినదానికి వేసవి వాయిదాలు అడగండి. వేసవిలో గ్యాస్ బిల్లు ఎలాగూ చిన్నది. బాకీ తీరాక ఏడాది బిల్లుని పన్నెండు సమాన భాగాలు చేసే బడ్జెట్ బిల్లింగ్ అడగండి, డిసెంబరు దెబ్బ తగ్గుతుంది.

ఫోన్ చేసేది నోటీసు మీదున్న నంబరుకే. ‘గంటలో గ్యాస్ తీసేస్తాం, గిఫ్ట్ కార్డు కొని నంబరు చెప్పండి’ అని ఎవరైనా మీకు ఫోన్ చేస్తే అది మోసం, పెట్టేయండి. మాట్లాడేటప్పుడు ‘కోల్డ్ వెదర్ రూల్ కింద పేమెంట్ ప్లాన్ కావాలి’ అని ఆ మాటలే వాడమనండి. అవతలి మనిషి పేరు, తేదీ, ఒప్పుకున్న అంకె రాసుకోండి, ఒప్పందం మెయిల్‌లో పంపమనండి. పెట్టేసేముందు ఇంకొక్కటి అడిగించండి. నోటీసులు ఇంకొకరికి కూడా పంపమని కోరే వీలుంది, ఆ ఇంకొకరి చోట మీ పేరు, మీ మెయిల్ ఇప్పించండి.